మిరియపు గింజంత పేస్టు, గంపెడు తలనొప్పి

కంప్యూటర్ హార్డ్‌వేర్ పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలు నన్ను మదర్‌బోర్డు గురించి అడుగుతారు, ర్యామ్ గురించి అడుగుతారు, జీతం ఎంత వస్తుందని అడుగుతారు. ప్రాసెసర్‌కూ దాని నెత్తిన కూర్చునే కూలర్‌కూ మధ్య పూసే పేస్టు గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా సర్వీసు జీవితంలోని చిరాకులో సగం ఆ పేస్టు పుణ్యమే. నగరిలో ఒకమ్మాయికి ఉద్యోగం పోయింది, పేరు కూడా పోబోయింది, అదీ దాని వల్లే. అందుకని మీరు అడక్కపోయినా చెబుతున్నాను, వినండి.

నేను తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను. తొంభైల్లో అక్కడే కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే ఒక చిన్న కంపెనీలో సర్వీసు ఇంజనీరుగా చేరాను. కళ్లు మసకబారి సన్న స్క్రూలు కనబడక మానేసేదాకా అదే పని. ప్రమోషన్ల గురించి రాయను. రాయడానికి అవి రాలేదు కూడా. ఇటు పుత్తూరు, నగరి, అటు పూతలపట్టు మీదుగా చిత్తూరు, అన్నీ నా కిందే ఉండేవి. భుజాన సంచి, చేతిలో బస్సు టికెట్టు.

వెళ్లిన చోటల్లా ముందు ఒక తంతు ఉండేది.

"ఇంజనీరు యాడమ్మా? వెనక బస్సులో వస్తా ఉండాడా?"

"నేనేనన్నా ఇంజనీరు."

"నువ్వా? సరే, కూర్చో. మజ్జిగ తాగు. ఆయన వచ్చినాక సూద్దాం."

మజ్జిగ తాగి, ఆయన రాడని వాళ్లకు అర్థమయ్యేదాకా కూర్చుని, ఆ తర్వాత పని మొదలుపెట్టేదాన్ని. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత మజ్జిగ మీద దృష్టి పెట్టడం నేర్చుకున్నాను.

అసలు ఆ పేస్టు దేనికి

ప్రాసెసర్ పని చేస్తుంటే వేడెక్కుతుంది. ఆ వేడిని పైనున్న కూలర్ లాక్కోవాలి, ఫ్యాను దాన్ని గాలికి వదిలేయాలి. ప్రాసెసర్ పైభాగమూ నున్నగానే ఉంటుంది, కూలర్ అడుగూ నున్నగానే ఉంటుంది. కానీ ఆ నునుపు మన కంటికే. నిజానికి రెండింటి మీదా కంటికి ఆనని గుంటలుంటాయి. మీ ఇంట్లో పాత పెనం అడుగు సొట్టబోతే దోసె ఒకచోట మాడి ఒకచోట పచ్చిగా ఉంటుంది కదా, ఇదీ అంతే. ఆ గుంటల్లో గాలి ఉంటుంది. గాలి వేడిని సరిగా మోయదు. పేస్టు ఆ గాలిని బయటికి నెట్టేసి గుంటల్లో తాను కూర్చుంటుంది.

ఇంతే సంగతి. పేస్టు దేన్నీ చల్లబరచదు. వేడికి దారి ఇస్తుంది. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, నమ్మినవాళ్లు మాత్రం తక్కువ. మన వాళ్లకు ఏదైనా కాస్త ఎక్కువ వేస్తే ఇంకా మంచిదని ఒక గట్టి నమ్మకం. నెయ్యి విషయంలో అది నిజం కావచ్చు. పేస్టు మందంగా పూస్తే లోహానికీ లోహానికీ మధ్య గోడ కట్టినట్టే. పక్కలకు కారి, ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లోకి దిగితే అదొక నరకం. వెండి పొడి కలిపిన రకమైతే కరెంటు కూడా పారి, బోర్డే పోవచ్చు.

మధ్యలో మిరియపు గింజంత పెట్టండి. కూలర్‌ను నిటారుగా దించి, రెండు వైపులా సమానంగా నొక్కి బిగించండి. ఆ నొక్కుడుకే అది పరుచుకుంటుంది. వేలితో పూయకండి, వేలికి నూనె ఉంటుంది. ఒకసారి కూలర్ పైకి లేపితే పాతది పూర్తిగా స్పిరిట్‌తో తుడిచి కొత్తది పెట్టాల్సిందే. "బాగానే ఉంది గదా మేడమ్" అని పాతదాని మీదే అదిమేసే మహానుభావులు మీలో ఉన్నారని నాకు తెలుసు.

మా ఓనరు గారి డబ్బా

మంచి పేస్టు సిరంజీలో వస్తుంది. మా ఓనరు శేఖరం గారు కంప్యూటర్లకు ముందు వోల్టేజి స్టెబిలైజర్లు అమ్మేవారు. ఆ కాలం నాటి తెల్ల పేస్టు డబ్బా ఒకటి ఆయన దగ్గర ఉండేది. ట్రాన్సిస్టర్ల కింద పూసే రకం. కొత్తగా ఉన్నప్పుడు అది చెడ్డది కాదు. కానీ మూత సరిగా పెట్టక, ఎండలకు ఎండి, పైన నూనె తేలి అడుగున సుద్దలాగా గట్టిపడింది. దాన్ని పారేద్దామంటే ఆయన ప్రాణం ఒప్పుకునేది కాదు.

"కొంచెం కొబ్బరినూనె ఏసి కలపమ్మా. మెత్తగా అయిపోతాది."

"కొబ్బరినూనె తలకు సార్, ప్రాసెసర్‌కు కాదు."

"తలకు సల్లగా ఉంటే దానికి మాత్రం ఉండదా?"

ఇలాంటి తర్కానికి ఏ డిప్లొమాలోనూ జవాబు లేదు. నేను లేని రోజు ఆయనే కలిపి, వడమాలపేట దగ్గర ఒక ట్యుటోరియల్ సెంటర్‌కు పంపిన మిషన్లకు పూయించారు. ఎండాకాలం వచ్చింది. నూనె కరిగి కిందికి దిగింది, సుద్ద పైన మిగిలింది, మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. నేను వెళ్లి విప్పేసరికి ఒకదాంట్లో చీమలు బారు కట్టి ఉన్నాయి. ఆ ఒక్క డబ్బా పొదుపుకు ఎన్నిసార్లు బస్సెక్కానో నాకే విసుగు. తిరిగొచ్చాక ఆ డబ్బాను ఆయన కళ్లముందే చెత్తబుట్టలో వేశాను. ఆయన వారం రోజులు నాతో ముభావంగా ఉండి, తర్వాత సిరంజీలు తెప్పించారు.

కొనేటప్పుడు ఖరీదైనదే కొనమని నేను చెప్పను. సిరంజీ నొక్కితే ముందు నీళ్లలాంటి నూనె, తర్వాత గట్టి ముద్ద వస్తే అది పనికిరాదు, పారేయండి. నూనె, ముద్ద విడిపోకుండా ఒకటిగా వచ్చేది చాలు. కొత్త కూలర్ అడుగున ముందే అంటించిన బూడిదరంగు పట్టీ ఉంటే దాన్ని గోకకండి, అదే పేస్టు. దాని మీద సన్నటి ప్లాస్టిక్ కాగితం ఉంటే మాత్రం తీయండి. చిత్తూరులో ఒక దుకాణదారు తీయకుండానే బిగించాడు. అడిగితే, తీస్తే వారంటీ పోతుందేమోనని భయపడ్డానన్నాడు. అదే ఊళ్లో ఒక లెక్చరర్ గారు కాలేజీ కంప్యూటర్‌కు పళ్లు తోముకునే పేస్టు పూశారు. అది తడి ఉన్నన్నాళ్లు పనిచేసి, ఎండాక పెచ్చులు లేచింది. లేబొరేటరీ అంతా పుదీనా వాసన.

నగరి ప్రెస్సు

ఇప్పుడు అసలు సంగతి. నగరిలో దొరసామన్న అని ఒక ప్రెస్సు యజమాని ఉండేవాడు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటిగా పేర్చి, కాలితో తొక్కే ట్రెడిల్ మిషను మీద అచ్చువేసిన పాతకాలపు మనిషి. పనిలో నిక్కచ్చి. కాలం మారిందని ఆఫ్‌సెట్ అచ్చుయంత్రం పెట్టి, మా దగ్గర ఒక కంప్యూటర్ కొన్నాడు. దాని ముందు కూర్చుని అక్షరాలు కొట్టేది సెల్వి. ఆమె భర్త మరమగ్గం నడిపేవాడు. తెలుగులోనూ తమిళంలోనూ తప్పుల్లేకుండా కొట్టగలిగేది ఆ ఊళ్లో ఆమె ఒక్కతే. పెళ్లికొడుకు అటు తిరుత్తణి, పెళ్లికూతురు ఇటు పుత్తూరు అయితే శుభలేఖ రెండు భాషల్లోనూ ఉండాలి కదా.

దసరా వెళ్లాక, పెళ్లి ముహూర్తాలు తరుముకొస్తుండగా దొరసామన్న మా ఆఫీసుకు ఫోను చేశాడు. మిషను దానంతటదే ఆరిపోతోందట.

"ఆ పిల్ల ఏందేందో నొక్కతా ఉండాది. మిషను చెడిపోయింది. పంపించేసినాను."

నేను వెళ్లేసరికి ఆయనే కంప్యూటర్ ముందు కూర్చుని ఒంటి వేలితో ఎవరిదో శుభలేఖ కొడుతున్నాడు. పెళ్లికూతురి పేరు సగంలో ఉండగా తెర నల్లబడింది.

"సూసినావా? నేను నొక్కినా ఆరిపోతాది. అంతగా చెడగొట్టి పొయ్యింది."

ఆడలేక మద్దెల ఓడు అన్నారని సామెత. ఇక్కడ మద్దెల పగిలిందని ఆడేదాన్ని వెళ్లగొట్టారు. నేను సంచి దించాను. ప్రెస్సులో పనిచేసే ముత్తు అనే బైండింగ్ మనిషి నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పాడు. "పుత్తూరులో ఇంకో ప్రెస్సులో పని అడిగిందంటక్కా సెల్వి. వాళ్లు ఈయనకు ఫోను చేస్తే, 'పెట్టుకోవద్దప్పా, ఆ పిల్ల చెయ్యి పడితే మిషను నిలవదు' అన్నాడు. పాపం, ఇంట్లో గూడా మాటలు పడతా ఉండాది."

చిన్న ఊళ్లలో ప్రెస్సు వాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఆ మాట నిలబడితే సెల్వికి ఇంకెక్కడా పని దొరకదు. నన్ను చూసి "ఇంజనీరు యాడ" అన్నవాళ్లు చివరికి మజ్జిగైనా ఇచ్చారు. ఈమెకు అడగడానికి నోరు కూడా మిగల్చలేదు.

పెట్టె విప్పగానే మొదటి అనుమానం అక్కడే వచ్చింది. నగరిలో ఏ కంప్యూటర్ విప్పినా మగ్గాల నూలు పీచు పరుపులాగా ఉంటుంది. ఇది కడిగిన గిన్నెలాగా ఉంది. మిషను ఆన్ చేసి కూలర్ మీద చేయి పెట్టి చూశాను. చల్లగా ఉంది. చల్లగా ఉండగానే వేడికి తాళలేక మిషను మళ్లీ ఆరిపోయింది.

ఇది గుర్తుపెట్టుకోండి. కూలర్ చల్లగా ఉందని సంతోషించకూడదు. కింద ప్రాసెసర్ ఉడికిపోతుంటే పైన కూలర్ చల్లగా ఉందంటే, వేడి పైకి ఎక్కడం లేదన్నమాట. మధ్యలో ఏదో అడ్డం ఉంది.

కరెంటు తీసేసి, కూలర్‌ను పట్టి ఉంచే రెండు మీటలూ ఎత్తి, కూలర్ పైకి లేపాను. ప్రాసెసర్ మీద పేస్టు లేదు. మందంగా గంధం, నడిమధ్యన కుంకుమ బొట్టు. గంధం ఎండి పెచ్చులు కట్టింది. కూలర్ అడుగున కూడా అలాగే బొట్టు. కాస్త వంగితే కిరసనాయిలు వాసన.

"అన్నా, ఇది ఎవరు పెట్టినారు?"

"నేనే. ఆయుధ పూజకు పెట్టినాను. ఏం, పెట్టకూడదా?"

"పెట్టె మీద పెట్టండి. ఇంత లోపల ఏంటికి పెట్టినారు?"

"మీ పిల్లకాయలకు పూజంటే పైపైన బొట్టు పెట్టేది. మేము ట్రెడిలు మిషను రోలరుతో సహా విప్పి, ఒక్కొక్క సామాను కడిగి, బొట్టు పెట్టి, మళ్లా బిగిస్తాము. నాయన నేర్పించిన పద్ధతి."

"సరే. దీని మీద బూడిదరంగుగా జిగురు ఒకటి ఉండింది గదా?"

"ఆ మడ్డా? ఎన్ని దినాల మడ్డో, సామీ! కిరసనాయిలు గుడ్డతో రుద్ది రుద్ది తీసినాను. దేవుడి ముందర మడ్డితో పెడతామా?"

ఆయన్ను తిట్టడానికి కూడా లేదు. అచ్చు యంత్రానికైతే ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. సిరా మడ్డి కడగకపోతే ఆ మిషను చెడిపోతుంది. ఇక్కడ మడ్డి అనుకుని కడిగిందే దాని ప్రాణం.

"అన్నా, ఆ మడ్డే దీనికి మందు. అది తీసేసి గంధం పెట్టినారు. గంధం తడిగా ఉన్నన్ని దినాలు ఎట్లనో నడిచింది. ఎండినాక వేడి పైకి పోలేదు, మిషను ఆరిపోయింది. సెల్విది ఇందులో ఏమీ లేదు."

"పూజ నాడు బాగా నడిచింది గదమ్మా!"

"అదే చెప్తా ఉండాను. ఎండేదానికి నాలుగు దినాలు పట్టదా?"

ఆయన ప్రాసెసర్ వంక చూశాడు. మొండివాడే కానీ తెలివితక్కువవాడు కాదు, యంత్రాల భాష తెలిసిన మనిషి. విషయం ఎక్కింది. చెప్పులు విప్పి, కంప్యూటర్‌కు రెండు చేతులూ జోడించి, చెంపలు వేసుకున్నాడు. "తెలీక చేసినాను తల్లీ, తప్పయింది, మన్నించు" అన్నాడు. నేను స్పిరిట్‌తో గంధం తుడిచి, సిరంజీ తీసి, మిరియపు గింజంత పేస్టు పెట్టాను. ఇప్పుడు సెల్వి మాట ఎత్తుతాడు అనుకున్నాను. ఎత్తలేదు. ముత్తును పిలిచి రెండు టీలు చెప్పాడు.

అప్పుడు వచ్చింది నాకు అసలు కోపం. యంత్రానికి క్షమాపణ చెప్పడానికి నోరొచ్చింది. మనిషికి చెప్పడానికి టీ అడ్డం వచ్చింది. కూలర్ బిగించకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏందిమ్మా, బిగించు. ముహూర్తాలు ఉండాయి."

"సెల్విని పిలిపించండన్నా. ఆ యమ్మ ముందర చెప్పండి. తర్వాత బిగిస్తాను."

"నువ్వు మిషను బాగుచేసేదానికి వచ్చినావా, పంచాయితీ చేసేదానికి వచ్చినావా?"

"తప్పు యాడుందో కనుక్కునేది నా పని. కనుక్కున్నాను. ఆ యమ్మ మీద ఏసిన తప్పు మీరే దించాల."

ఆయన మా ఆఫీసుకు ఫోను చేసి శేఖరం గారికి నా మీద ఫిర్యాదు చేశాడు. అవతల శేఖరం గారు ఏమన్నారో నాకు వినబడలేదు. ఈయన మొహం మాత్రం ముడుచుకుపోయింది. "మీ సారు, మా ఇంజనీరమ్మ ఎట్ల చెప్తే అట్ల చెయ్యప్పా అంటా ఉండాడు" అని ఫోను పెట్టేశాడు. కొబ్బరినూనె కలిపించిన ఆ మనిషి మీద నాకున్న కోపంలో సగం ఆ రోజుతో పోయింది.

ముత్తు వెళ్లి సెల్విని పిలుచుకొచ్చాడు. ఆమె లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడింది. ప్రెస్సులో వాళ్లందరూ పని ఆపారు. శుభలేఖల కోసం వచ్చిన ఒక పెద్దాయన కూడా ఉన్నాడు. దొరసామన్న గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"అది గంధం వల్లనంట. పూజ నాడు పెట్టింది. నీది ఏం లేదంట."

"అంట ఏందన్నా? మీ కండ్లతోనే సూసినారు గదా," అన్నాను.

"సరే. మిషను చెడగొట్టింది నేనే. నీ మీద ఊరకే పడినాను, సెల్వీ. తప్పు నాదే."

సెల్వి ఏడవలేదు, నవ్వలేదు. "ఆ మాట పుత్తూరు ప్రెస్సాయనకు గూడా చెప్పండి సార్," అంది.

ఇష్టం లేకపోయినా ఆయన నంబరు తిప్పాడు. "అప్పా, మొన్న ఆ పిల్ల గురించి చెప్తిని గదా. అది వట్టిది. చెడగొట్టింది నేను. పిల్ల పనిమంతురాలే, రెండు భాషలూ బాగా కొడతాది." అంత నిజాయితీగా చెప్పాక ఆయన మొహం కూడా కాస్త తేలికపడింది. ఆ తేలికలో, "రామ్మా, వచ్చి కూర్చో. పని శానా ఉండాది," అని కుర్చీ చూపించాడు.

సెల్వి లోపలికి వచ్చి, ఆయన ఇంకా పెట్టేయని ఫోను చేతిలోంచి తీసుకుంది. "సార్, నేనే సెల్విని. సోమవారం నుంచి వస్తే సరిపోతాదా?" అని అడిగింది. అవతల ఆయన సరేనన్నట్టున్నాడు. ఫోను పెట్టేసి, కుర్చీలో తను వేసుకున్న చిన్న దిండు తీసుకుని చంకన పెట్టుకుంది. "పొయ్యొస్తానక్కా," అని నాతో చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

మాట ఇచ్చాను కాబట్టి నేను కూలర్ బిగించాను. నిటారుగా దించి, రెండు మీటలూ సమానంగా వేసి, మిషను ఆన్ చేశాను. కాసేపటికి కూలర్ మీద చేయి పెడితే గోరువెచ్చగా తగిలింది. వేడి సరిగ్గా ఎక్కుతోంది. అరగంట చూశాను, ఒక్కసారి కూడా ఆరిపోలేదు. అంత బాగా ఆ మిషను ఎప్పుడూ నడిచి ఉండదు. ఖాళీ కుర్చీ ముందు తెర మీద, మళ్లీ తెరిచిన శుభలేఖ పెళ్లికూతురి పేరు దగ్గర ఆగి ఉంది. శుభలేఖల పెద్దాయన చేతి గడియారం చూసుకుంటున్నాడు.

దొరసామన్న ఆ కుర్చీని చూశాడు, మిషను చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"ఏమ్మా, నీకు తమిళం టైపింగు వచ్చునా?"